విరగని నీళ్ళు

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ సున్నం మావ అంటారు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా రాదు. ఆయనకీ ఆ పేరు మీద పెద్ద మమకారం లేదు.

అది నికెల్ పూత వేసే ఫ్యాక్టరీ. ముందువైపు పెద్ద హాలు, అందులో వరసగా తొట్లు. కుళాయిలు, తలుపు గడియలు, సైకిల్ హ్యాండిళ్ళు ఆ తొట్లలో మునిగి లేచి అద్దాల్లా మెరుస్తూ బయటికి పోతాయి. చూడవచ్చిన పెద్దమనుషులు ఆ మెరుపు చూసి ముచ్చటపడి, టీ తాగి వెళ్ళిపోతారు. ఆ సరుకు కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయని అడిగిన పుణ్యాత్ముడు ఇంతవరకు లేడు. అవి వెనక ఉన్న రేకుల షెడ్డులోకి పోతాయి. లేత ఆకుపచ్చ రంగులో, చూస్తే చెయ్యి పెట్టాలనిపించేలా ఉంటాయి. లోపలంతా విషం.

ఆ షెడ్డు సున్నం మావది. నీళ్ళలో నికెల్ కరిగి ఉంటుంది. గుడ్డలో వడపోస్తే దొరికే సరుకు కాదది. తొట్టిలోకి సున్నపు పాలు వదిలి, నీళ్ళని కలియబెట్టే గిలక తిప్పుతూ, పులుపు ఎంతుందో తెలిపే రంగు కాగితం ముంచి చూస్తూ ఉండాలి. చాలాసేపు ఏమీ జరగదు. నీళ్ళు మొండికేసి కూర్చుంటాయి. తరవాత ఉన్నట్టుండి విరుగుతాయి, పాలు విరిగినట్టే. సన్నటి రేకలు తేలతాయి. జిగురు మందు కలిపితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని, బరువెక్కి, అడుక్కి దిగుతాయి. పైన తేట, కింద మడ్డి. తేటని ఇసుక మీద వడకట్టి కాలవలోకి వదలాలి. మడ్డిని ప్రెస్సులో పిండి, బిళ్ళలు చేసి, బస్తాల్లో కట్టి, దాన్ని భద్రంగా పాతిపెట్టే చోటికి లారీలో పంపాలి. ఇంతే పని. ఇంతే అనుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు, నెల తిరక్కుండా పోయారు.

సున్నం మావకి నీళ్ళతో పేచీ లేదు. మనుషులతోనే. ఒకసారి ఎవరి మీదైనా మనసు విరిగితే మళ్ళీ అతికే రకం కాదు. భార్య పోయాక ఆ గుణం మరీ ముదిరింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఆమెకి స్వయానా తమ్ముడు. అక్క ఆఖరి ఘడియలో ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చాడు. యంత్రం ఆగిపోయిందనీ, షిఫ్టు వదిలి రాలేకపోయాననీ అతను చెప్పుకున్నాడు. బావగారు విన్నాడు. విని, అప్పటినుంచి అతనితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఒక టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగలేదు.

ఇంట్లో కోడలి మీద కూడా ఒక కేసు నడుస్తోంది. అత్తగారు పోయిన కొన్నాళ్ళకి ఆ పిల్ల స్టవ్వుని గోడ పక్కనుంచి తీసి కిటికీ కిందికి మార్చింది. ఘాటు బయటికి పోతుందంది. నిజంగానే పోతోంది. అదే ఆయన ఓర్చుకోలేకపోయాడు. తప్పు చేసుంటే ఓ మాట అని ఊరుకునేవాడు. అప్పటినుంచి ఆమెతో చెప్పాల్సినవన్నీ కొడుకుతో చెబుతాడు. కొడుకు వ్యాను నడుపుతాడు, సగం రోజులు ఇంట్లో ఉండడు. ఆ రోజుల్లో గోడతో చెబుతాడు. కోడలు గోడ తరఫున జవాబిస్తుంది.

ఆ కోడలు కూడా అదే ఫ్యాక్టరీలో, హాల్లో, సరుకుని కొక్కేలకి తగిలించే పని చేస్తుంది. మధ్యాహ్నం మామగారి క్యారియర్ షెడ్డుకి తీసుకొచ్చేది. మొదట్లో గుమ్మంలో పెట్టి పోయేది. ఒకనాడు సరిగ్గా నీళ్ళు విరిగే వేళకి వచ్చింది. అంతే, అక్కడే నిలబడిపోయింది. మర్నాటినుంచి తన అన్నం గబగబా తినేసి, మిగిలిన విరామమంతా తొట్టి పక్కనే. ఆయన నేర్పలేదు. పొమ్మనీ అనలేదు. కాగితం ఏ రంగుకి తిరిగితే సున్నం ఆపుతున్నాడో, గిలక ఎప్పుడు నెమ్మది చేస్తున్నాడో ఆమె కళ్ళతోనే పట్టేసింది. ఎప్పుడన్నా ఆయన తెలిసీ తెలియనట్టు పక్కకి జరిగేవాడు, ఆమెకి కనిపించాలని కాదు, నడుం నొప్పి అని.

రెండో షిఫ్టులో షెడ్డు చూసేవాడు పని మానేసి పోయాడు. కోడలు వెళ్ళి సూపర్‌వైజర్‌ని అడిగింది, ఆ పని తనకి ఇమ్మని. అతను తల గోక్కున్నాడు. చివరికి ఒక మాట చెప్పాడు. ఏడాదికోసారి తొట్లు కడగడానికి ఫ్యాక్టరీ మూస్తారు కదా, తెరిచిన రోజు మొదటి తొట్టి నీళ్ళు ఆమె ఒక్కతే శుభ్రం చెయ్యాలి. మామగారు చెయ్యి పెట్టకూడదు, నోరు విప్పకూడదు. నీళ్ళు పరీక్షించే ల్యాబ్ మేడమ్ బాగుందంటే రెండో షిఫ్టు ఆమెది. లేదంటే బయటివాణ్ణి పెడతారు, ఇంక ఆ ఊసెత్తకూడదు.

నోరు విప్పకపోవడం నాన్నకి కష్టం కాదన్నాడు కొడుకు ఆ సాయంత్రం. నవ్వించబోయాడు పాపం. మావ నవ్వలేదు. షెడ్డు అంటే వంటిల్లు కాదని గోడకి చెప్పాడు. వంటింట్లో మాడితే మనమే తింటాం, అక్కడ మాడితే కాలవ కింద ఉన్నవాళ్ళు తింటారు, నాకు తెలుసని కోడలు అంది. ఆ మాట ఆయనకి నచ్చింది. నచ్చినందుకు కోపం వచ్చింది.

మూత రోజులు వచ్చాయి. హాలువాళ్ళు తమ తొట్లు కడుక్కుని ఇళ్ళకి పోయారు. సున్నం మావ షెడ్డులో ఒక్కడే మిగిలాడు. షెడ్డు స్థితి ఆయనకి తెలుసు. ఏళ్ళ తరబడి సున్నం పట్టి గొట్టాలు లోపల సగానికి సగం మూసుకుపోయి ఉన్నాయి. గిలక రెక్కలకి రాయిలాంటి పెచ్చులు. సున్నపు పాలు ఒకచోట ధారగా, ఒకచోట చుక్కలుగా పడతాయి. ఆయన చేతికి ఆ అవకరాలన్నీ అలవాటు, ఎక్కడ తట్టాలో, ఎక్కడ ఒంచాలో తెలుసు. కొత్త చేతికి తెలియదు. మొదటి తొట్టే పాడైతే, మావ పుచ్చిన షెడ్డు అప్పజెప్పాడని నలుగురూ అంటారు. ఆయన బాధ అదే. తనకి తాను అలాగే చెప్పుకున్నాడు.

మామూలుగా పెచ్చుల్ని ఘాటు యాసిడ్‌తో కరిగిస్తాడు. స్టోరు తాళం వేసుంది, తాళంచెవి మనిషి సెలవు మీద పోయాడు. ఆయనకి ఇంట్లో కెటిల్ గుర్తొచ్చింది. దాని అడుగున పట్టిన తెల్లటి చారల్ని కోడలు నిమ్మ ఉప్పు వేసి కాచి పోగొడుతుంది. చిటికెడు వేస్తే చాలు, కొత్తదానిలా వస్తుంది. యాసిడ్ ఏదైనా యాసిడే కదా, తరవాత పడే సున్నం దాన్ని ఎలాగూ చంపేస్తుంది అనుకున్నాడు. టోకు దుకాణానికి పోయి నిమ్మ ఉప్పు చిన్న బస్తా ఒకటి భుజాన వేసుకొచ్చాడు. వేడినీళ్ళలో కలిపి గొట్టాలు నానబెట్టాడు, రెక్కలు నానబెట్టాడు, బ్రష్షు పెట్టి తోమాడు. పెళ్ళివారింటి సామాను కూడా ఎవరూ అలా తోమి ఉండరు. కడిగిన నీళ్ళని ఎప్పటిలాగే మురుగు గుంటలోకి వదిలాడు. ఆ గుంటలోవే మర్నాడు మొదటి తొట్టికి ఎక్కేది. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే కోడలి కోసం చేశాడనుకుంటారు.

తెరిచిన రోజు పొద్దున్నే కోడలు గమ్‌బూట్లు, రబ్బరు చేతి తొడుగులు, కళ్ళకి అద్దాలు వేసుకుని తొట్టి అరుగు ఎక్కింది. మెరుస్తున్న గొట్టాల్ని ఒక చూపు చూసింది. మావ మూలన స్టూలు వేసుకుని చేతులు కట్టుకున్నాడు. కింద ల్యాబ్ మేడమ్ తన గాజు గొట్టాల పెట్టెతో, సూపర్‌వైజర్ తన కంగారుతో నిలబడ్డారు. హాల్లో అప్పటికే పని మొదలైంది. తొట్టి ఖాళీ కాకపోతే గుంట నిండుతుంది, గుంట నిండితే హాలు ఆపాలి.

ఆమె సున్నపు పాలు వదిలింది. ధార ఏకంగా, దారం లాగినట్టు పడింది. మావ కడుపు నిండినంత పనైంది. కాగితం ముంచింది, చూసింది, మళ్ళీ వదిలింది. ఎక్కడా తొందర లేదు. కాగితం రావలసిన రంగుకి వచ్చింది. సున్నం ఆపింది. గిలక నెమ్మది చేసింది. అందరూ తొంగిచూశారు.

నీళ్ళు విరగలేదు. అడుగున పిడికెడంత సున్నపు మడ్డి తప్ప ఒక్క రేక లేదు. ఆకుపచ్చగా, నిర్మలంగా, ఏ పాపం ఎరగనట్టు తొట్టినిండా నిలబడ్డాయి.

ఇంకొంచెం సున్నం పోసింది. ఇంకా తేటపడ్డాయి.

సూపర్‌వైజర్‌కి పని అయిపోయినట్టే అనిపించింది. "బాగుందిగా అమ్మాయ్. వదిలెయ్."

"బాగాలేదు సార్. విరగలేదు." ఇంట్లో బాబాయిగారూ అంటుంది, ఇక్కడ సార్.

"అద్దంలా ఉంటే ఇంకేం కావాలి? అంత తేటగా మా ఇంట్లో మంచినీళ్ళు కూడా రావు. తాగి చూపించనా?"

"తాగండి. గ్లాసు మేడమ్ ఇస్తారు."

మేడమ్ గ్లాసు ఇవ్వలేదు. గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి, తన మందు చుక్కలు వేసింది. నీళ్ళు ముదురు గులాబీ రంగుకి తిరిగాయి. నికెల్ ఉంటేనే ఆ రంగు వస్తుంది. ఉన్నదంతా అలాగే ఉందని ఆవిడ అంది. సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది. గుంట ఎంత నిండిందో చూసి రమ్మని ఒకణ్ణి తరిమాడు. వాడు అంచు దగ్గరకొచ్చిందని అరిచాడు. అయినా అతను ఇంకోసారి అడిగాడు, ఈ ఒక్క తొట్టికీ వదిలేస్తే మునిగిపోయేదేముందని. కోడలు కాలవ వాల్వు మీద రెండు చేతులూ వేసి నిలబడింది. కావలిస్తే తనని పక్కకి నెట్టి తిప్పుకోమన్నట్టుంది ఆ నిలబడటం. అతను అంత పాపాత్ముడు కాదు. హాలు ఆపించాడు.

ఆపించాక అతనికి ఒళ్ళు మండింది. తను మొదట్లో వెనకాడింది ఇందుకేనని, సున్నం ఎక్కువో తక్కువో పడిందని, అనుభవం లేని చేతికి తొట్టి ఇవ్వడం తన బుద్ధితక్కువని గొణిగాడు. తగిలించే పనికే పొమ్మన్నాడు. మధ్యాహ్నం బయటివాళ్ళకి కబురు చేస్తానన్నాడు. కోడలు తలొంచుకుని చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగుతోంది. సున్నం సరిగ్గానే వేశానని ఆమెకి తెలుసు. మరి నీళ్ళెందుకు వినలేదో తెలియదు. తెలియనప్పుడు వాదించే అలవాటు ఆమెకి లేదు.

మేడమ్ ఇంకా గొట్టం వైపే చూస్తోంది. "సున్నం సరిపోయింది. కొలిచాను. ఈ నీళ్ళలో మనది కానిదేదో పడింది. ఎవరైనా ఏమన్నా పోశారా? సబ్బుగానీ, క్లీనరుగానీ, నిమ్మ ఉప్పులాంటిదిగానీ?"

లేదన్నాడు సూపర్‌వైజర్. ఇక్కడ నిమ్మ ఉప్పు ఎవరు పోస్తారన్నాడు.

మూలన మావ కట్టుకున్న చేతులు విప్పి స్టూలు అంచు పట్టుకున్నాడు.

ఎవరికీ తెలియదు. బస్తా ఖాళీ సంచి కూడా కాల్చేశాడు. ఊరుకుంటే ఈ పిల్ల మళ్ళీ హాల్లోకి పోతుంది, షెడ్డు తనకి మిగులుతుంది. గిలక చప్పుడు, తను, మధ్యలో ఎవరూ ఉండరు. ఆ ఆలోచన ఒక క్షణం తియ్యగానే ఉంది. మనిషి అంత మంచివాడేమీ కాదు. కానీ వాల్వు మీద ఆ రెండు చేతులు చూశాడు ఇందాక. తన తరవాత ఆ వాల్వు దగ్గర అలా నిలబడే మనిషి ఉంటుందని ఆయన అనుకోలేదు. దాన్ని చూడనట్టు నటించడం ఆయన వల్ల కాలేదు.

"నేనే పోశాను," అన్నాడు. "గొట్టాలు కడగడానికి. ఆ అమ్మాయి చేతిలో తప్పు లేదు."

సూపర్‌వైజర్ అటు తిరిగాడు. "ఏమన్నావ్ బావా?"

"చెవుడొచ్చిందా? ఒక్కసారే చెబుతాను."

"కాదు, ఇరవయ్యేళ్ళలో తప్పు నాదని నువ్వు అనగా వినలేదు. మా అక్క ఉంటే దిష్టి తీసేది. అయినా ఏటేటా మూసుకుపోయే గొట్టాలేగా. ఈసారే ఎందుకంత తోమావ్?"

మావ రేకుల్లో ఎక్కడో బొక్క ఉన్నట్టు పైకి చూశాడు. కోడలు మాత్రం గొట్టాల్ని మళ్ళీ చూసింది, ఈసారి నిదానంగా. కళ్ళలో నీళ్ళు తిరగలేదు, కృతజ్ఞత చెప్పలేదు. ఆ ఇంటి పిల్ల కాదా. లాగిన తొడుగులు మళ్ళీ వేసుకుంది.

"ఎంత పోశారు మావయ్యగారూ?"

"చిన్న బస్తా."

"మొత్తమా?"

"మిగిలిస్తే ఏం చేసుకోను, కాఫీలో కలుపుకోనా?"

మేడమ్‌కి నవ్వాగలేదు. నవ్వుతూనే సంగతి చెప్పింది. నిమ్మ ఉప్పు నికెల్‌ని గట్టిగా వాటేసుకుంటుంది, సున్నానికి చిక్కనివ్వదు. అందుకే నీళ్ళు తేటగా కనిపిస్తాయి, నికెల్ లోపలే దాక్కుంటుంది. విడిపించాలంటే దానికి ఇంకా ఇష్టమైనది చూపించాలి. దానికి ఇనుమంటే ప్రాణం. కొంచెం యాసిడ్ పోసి నీళ్ళని పులుపుకి తిప్పి, ఇనుముతో చేసిన ఉప్పు, అదే అన్నభేది, కరిగించి కలిపి, గాలి కొట్టి తిప్పితే, అది నికెల్‌ని వదిలి ఇనుముని పట్టుకుంటుంది. అప్పుడు సున్నం పోయాలి.

"పట్టుకుంటే వదలదు. మా బావకి చుట్టమన్నమాట," అన్నాడు సూపర్‌వైజర్.

"ఇంకా మంచిది దొరికితే వదులుతుందట సార్," అంది కోడలు, తల తిప్పకుండా.

ముందు గాజు గ్లాసుల్లో చేసి చూశారు. ఒకదాంట్లో అన్నభేది చాల్లేదు, నీళ్ళు అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో ఎక్కువై తుప్పు నీళ్ళలా అయింది. మధ్య గ్లాసులో విరిగింది. ఆ పాళ్ళు కోడలు తొట్టికి లెక్కగట్టింది, మేడమ్ సరిచూసి తలూపింది. స్టోరు నుంచి అన్నభేది బస్తాలు మావే మోసుకొచ్చాడు. ఇంకొకరు సాయం రాబోతే కసిరాడు.

అరుగు మీద ఆమె, కింద ఆయన. ఆమె చెప్పింది, ఆయన అందించాడు. యాసిడ్ సన్నగా వదిలింది, ఘాటుకి మొహం పక్కకి తిప్పి. అన్నభేది నీళ్ళు పోసింది. గాలి గొట్టం వదిలి చాలాసేపు తిప్పింది. ఆకుపచ్చ మీదికి తేనెరంగు వచ్చింది. తరవాత సున్నం. కాగితం రంగు తిరుగుతుంటే మావ చెయ్యి అలవాటు కొద్దీ సున్నం వాల్వు మీదికి పోయింది, ఇంకాస్త వదలాలని.

"వద్దు. ఆగండి," అంది.

ఆయన ఆగాడు. ఆయన్ని ఆగమన్నవాళ్ళు, ఆగేలా చేసినవాళ్ళు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు.

నీళ్ళు మళ్ళీ మొండికేశాయి. హాలువాళ్ళు పని లేక షెడ్డు గుమ్మం దాకా వచ్చి గుంపుగా నిలబడ్డారు. ఎవరో తుమ్మితే మిగతావాళ్ళు కసురుకున్నారు. ఆమె గిలకని ఇంకో మెట్టు తగ్గించింది.

విరిగాయి. ముందు ఒక మూల మబ్బు పట్టినట్టయింది, చూస్తుండగానే తొట్టంతా కమ్ముకుంది. తుప్పురంగు, ఆకుపచ్చ కలగలిసిన రేకలు, మామూలు కంటే లావుగా, చేత్తో ఏరుకోవచ్చుననేలా. జిగురు మందు పడగానే గుంపులు కట్టి మంచు రాలినట్టు దిగడం మొదలెట్టాయి. గుమ్మంలో వాళ్ళకి ఇదేమిటో అర్థం కాలేదు గానీ, ఏదో మంచే జరిగిందని ఆమె భుజాలు చూసి గ్రహించారు.

మడ్డి దిగాక మేడమ్ పైతేట పట్టి ఇసుకలో వడకట్టి చుక్కలు వేసింది. అందరూ గులాబీ కోసం ఎదురుచూశారు. రాలేదు. గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి, కాసేపు ఉంచి, మళ్ళీ చూసి, వదలొచ్చంది. కోడలు కాలవ వాల్వు తిప్పింది. నీళ్ళు ఏ రంగూ లేకుండా, ఏ గొప్పా లేకుండా పోయాయి.

సగం రోజు హాలు ఆగినందుకు పైనుంచి ఫోన్ వచ్చింది. సూపర్‌వైజర్ షెడ్డు బయట నిలబడి మాటలు పడ్డాడు. బావ పేరు చెబుతాడనుకుని మావ చెవులు రిక్కించాడు. చెప్పలేదు. మూత తరవాత గొట్టాల్లో చిన్న ఇబ్బంది వచ్చిందని, సర్దేశామని, రెండో షిఫ్టుకి మనిషి దొరికిందని చెప్పాడు. ఫోన్ పెట్టేసి లోపలికొచ్చి టీ తెప్పించాడు. మావ అతన్ని క్షమించలేదు. అంత తొందరగా క్షమించడం ఆయనకి రాదు. కానీ స్టూలు దగ్గరికి లాక్కుని, అదే టేబుల్ మీద గ్లాసు పెట్టి తాగాడు. చక్కెర ఎక్కువైందన్నాడు. బావమరిది మర్నాటినుంచి తగ్గించమని చెబుతానన్నాడు. మర్నాడు కూడా తాగుతాడని అలా తేలిపోయింది.

మధ్యాహ్నం షిఫ్టు మారే బెల్లు కొట్టారు. ఆయన చేతులు కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. కోడలు ప్రెస్సులోకి మడ్డి ఎక్కిస్తోంది. కొంచెంసేపు నిలబడి చూశాడు.

"ప్రెస్సు మూడో పలక కొంచెం కారుతుంది," అన్నాడు చివరికి. గోడతో కాదు, ఆమెతోనే. "గుడ్డ ముడత పడకుండా చూసుకో."

"చూశాను, సరిచేశాను. ఇకమీదట షెడ్డులోకి ఏం తెచ్చినా నాకు చెప్పి తేవాలి మావయ్యగారూ."

"సరే."

"అన్నం గిన్నె మీద మూత పెట్టి వచ్చాను. చల్లారిపోయి ఉంటుంది, ఇంటికెళ్ళి వేడి చేసుకుని తినండి."

గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటుగా అడిగాడు, షెడ్డుకి తాళం వేశావా మావా అని. వెయ్యలేదన్నాడు. అంత అజాగ్రత్త ఆయన్లో ఎప్పుడూ చూడని వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"లోపల మనిషి ఉంది," అన్నాడు సున్నం మావ.

వెనక ప్రెస్సు పంపు మొదలైన చప్పుడు వినిపించింది. రెండడుగులు వేసి, ఆగి, చెవి ఒగ్గాడు. పంపు సమంగా ఆడుతోంది. వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు.